వాంతి కోసం ఎదురుచూస్తూ దుమ్ముగూడెం నుంచి ఖమ్మం దాకా

వాంతులు తగ్గాయని భయపడి ప్రయాణం కట్టేవాళ్లు ఎక్కువమంది ఉండరు. నేను కట్టాను. అప్పుడు నాకు తొమ్మిదో వారం నడుస్తోంది. అంతకుముందు మూడు వారాలు అన్నం ఉడికే వాసన తగిలితే చాలు, పెరట్లోకి పరుగెత్తేదాన్ని. మంచినీళ్లు తాగినా సగం తిరిగొచ్చేవి. ఖమ్మంలో నేను చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, విటమిన్ బి-సిక్స్ గోలీ రాసి మూడు పూటలా వేసుకోమన్నారు. నాలుగైదు రోజులకే వాంతులు సగమయ్యాయి, వారం తిరిగేసరికి దాదాపు ఆగిపోయాయి. మామూలుగా అయితే సంతోషించాలి. కానీ పోయిన ఏడాది నా మొదటి కడుపు సరిగ్గా ఈ దశలోనే పోయింది. ఒక పొద్దున వికారం లేకుండా లేచి, హాయిగా నాలుగు ఇడ్లీలు తిని, ఇంట్లో అందరికీ చెప్పుకొని మురిసిపోయాను. తర్వాత స్కానింగులో గుండె కొట్టుకోవడం లేదన్నారు. అప్పుడు నేను ఏ గోలీ వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటున్నాను. మరి వికారం తగ్గింది గోలీ వల్లనా, లోపల ఏదో జరిగిపోవడం వల్లనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది స్కానింగ్ ఒక్కటే. దానికి ఇంకా పది రోజుల గడువుంది. నేను పది నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు, పది రోజులు ఎలా ఆగుతాను? డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, అంత దిగులుగా ఉంటే శనివారమే రమ్మన్నారు.

మేముండేది దుమ్ముగూడెం దాటాక గోదావరి పక్కనుండే చిన్న ఊరు. మా ఆయన శ్రీధర్ అక్కడి బడిలో టీచరు. ఆ వారం ట్రైనింగుకని వరంగల్ వెళ్లాడు, కాబట్టి తోడుగా అత్తమ్మ బయలుదేరింది. మా వైపు మూడు నెలలు నిండేదాకా కడుపుతో ఉన్న సంగతి బయట చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందని అత్తమ్మ నమ్మకం. ఒకసారి అందరికీ చెప్పి పోగొట్టుకున్న ఇల్లు కాబట్టి ఈసారి నేను కూడా వాదించలేదు. ఇంకో సంగతి మాత్రం అత్తమ్మకు కూడా చెప్పలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నేను గోలీ మానేశాను. ఆపితే వికారం తిరిగి రావాలి కదా, వస్తే బిడ్డ ఉన్నట్టే కదా అని నా లెక్క. రాత్రంతా మేలుకొని కడుపులో తిప్పుతోందా అని చూసుకున్నాను. తిప్పలేదు. తెల్లవారి వంటింట్లోంచి ఎండు చేపలు వేయిస్తున్న ఘాటు వచ్చింది. శనివారం నీచు ముట్టని మనిషి మా అత్తమ్మ, పొయ్యి దగ్గర నిలబడి చేపలు తిప్పుతూ వాకిట్లో ఉన్న నా వైపే చూస్తోంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. వాంతి మాత్రం రాలేదు.

ఆరున్నరకు షేర్ ఆటో దొరికింది. పర్ణశాల చూసి తిరిగి వెళ్లే యాత్రికులు కూడా ఈ దారినే భద్రాచలం చేరతారు. మనిషికి యాభై రూపాయలు, గంటకు కొంచెం ఎక్కువే పడుతుంది. వానలు వెనకబట్టాయి కానీ రోడ్డు మీద గుంటలు వెనకబట్టలేదు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కోయ భాషలో ఏదో మాట్లాడుకుంటూ పత్తి చేలకేసి చూస్తున్నారు. డ్రైవరుకు మా ఊళ్లో అందరూ తెలుసు.

"ఏంది పెద్దమ్మా, అత్తా కోడలు పొద్దున్నే బయల్దేరిండ్రు?"

"ఖమ్మం పోతున్నం బిడ్డా. మా కోడలికి పన్ను నొస్తున్నది." అత్తమ్మ నోటి నుంచి అబద్ధం ఇంత నున్నగా వస్తుందని నాకు తెలియదు.

"పన్నుకు ఖమ్మం దాకా ఎందుకు? భద్రాచలంలనే పీకుతరు గదా."

"పీకెటోళ్లు అంతట ఉన్నరు. పీకకుండ చూసెటోళ్లు గావాలె."

అతను ఆటో ఆపకుండానే ముందున్న డబ్బాలోంచి లవంగం తీసి వెనక్కి చాపాడు. "దవడ కింద పెట్టుకో అక్కా. జల్దీ తగ్గుతది. మా అమ్మకు గట్లనే తగ్గింది." అందరూ నా దవడ వైపు చూస్తుంటే పెట్టుకోక తప్పలేదు. భద్రాచలం చేరేదాకా నోరు మండుతూనే ఉంది. మిగతా వొళ్లు మాత్రం భయంకరంగా బాగుంది. ప్రతి గుంట దగ్గరా ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకున్నాను. రాలేదు.

భద్రాచలం బస్టాండులో ఖమ్మం వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎనిమిదింటికి దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్, అందుకే సీట్లు త్వరగా నిండుతాయి. కొత్తగూడెం మీదుగా ఖమ్మానికి మూడున్నర గంటలు వేసుకోవాలి. గోదావరి వంతెన, సారపాక దాటాక కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలవుతుంది. టేకు, నడుమ ఇప్ప చెట్లు, తడి నేల వాసన. మామూలు రోజుల్లో నేను కిటికీ వదలని దారి ఇది. ఆ రోజు చెట్లను చూడలేదు, నా లోపలికే చూసుకుంటూ కూర్చున్నాను. మాకు దొరికింది వెనక చక్రం మీది సీటు. పాల్వంచ పొగగొట్టాలు కనబడే సరికి ముందు బస్సు వదిలిన డీజిల్ పొగ కిటికీలోంచి మొహానికి కొట్టింది. కడుపులోంచి ఏదో లేచింది. అత్తమ్మ కవర్ తెరిచేలోపే వాంతయింది. కళ్లలో నీళ్లు కారుతుండగా కవర్ మూతి ముడివేస్తూ నేను నవ్వాను. అత్తమ్మ కూడా నవ్వింది. పక్క సీటు పెద్దాయన మా ఇద్దరినీ వింతగా చూసి కొంచెం అవతలికి జరిగాడు.

కండక్టరు ముప్పై ఐదేళ్ల ఆవిడ, సీటు దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏమైందమ్మా?"

"పన్ను నొప్పికి కడుపుల తిప్పుతున్నదంట" అంది అత్తమ్మ, తడుముకోకుండా.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "అవ్ పెద్దమ్మా. నాగ్గూడ గీ పన్ను నొప్పి రెండుసార్లు వచ్చింది. పెద్దది అయిదో తరగతి, చిన్నోడు మూడు." తర్వాత నా చెయ్యి పట్టుకొని లేపింది. "ముందలకొచ్చి కూసో చెల్లె. ఎనక కుదుపెక్కువ."

కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగుతుంది. రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట: రైల్వేవాళ్లు భద్రాచలం రోడ్ అని పిలిచే స్టేషను ఉన్నది ఈ ఊళ్లోనే. అక్కడ దిగాక గుడికి బస్సులో ఇంకా నలభై కిలోమీటర్లు వెళ్లాలి. బస్టాండు హోటల్లో అత్తమ్మ నాకు ఉత్త ఇడ్లీ, తనకు చాయ్ చెప్పింది. చాయ్ చల్లారుతున్నా గ్లాసు ముట్టలేదు.

"పొద్దున చేపలు ఏంచింది నీ కోసమే" అంది.

"శనివారం నాడా?"

"దేవునికి నేను చెప్పుకుంట తియ్యి. నాలుగొద్దుల సంది నువ్వు కక్కుతలేవు. వాసనకన్న కక్కుతవేమో చూద్దామని ఏంచిన. నువ్వు కొంగు అడ్డం పెట్టుకున్నవ్ గని కక్కలే. నాకు కాళ్లు చేతులు ఆడలే."

నేను ఇడ్లీ తుంచడం ఆపాను. "నేను కూడా నిన్నటి నుంచి గోలీ వేసుకోలేదు అత్తమ్మా."

"ఎందుకు?"

"వాంతి వస్తుందేమో చూద్దామని."

అత్తమ్మ కాసేపు బల్ల మీది తడిని వేలితో అటూ ఇటూ గీసింది. "సరిపోయినం ఇద్దరికిద్దరం. కడుపుల ఉన్నదాన్ని పరీక్ష పెడుతున్నం." తర్వాత గొంతు తగ్గించింది. "మీ ఆయనకంటె ముందు నాకొకటి పోయింది. అప్పుడు గూడ గిట్లనే, ఒక్క పొద్దుట్ల అంత సల్లబడ్డది. నేను సుఖమైందనుకున్న." పెళ్లయిన మూడేళ్లలో ఈ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. శ్రీధర్‌కు కూడా తెలియదట. ఇడ్లీ ముక్క ఆమె వైపు జరిపాను. తినలేదు.

"ఇప్పుడైతే కక్కినవ్ గదా" అంది, నా నోటితో అవుననిపించుకోవాలని.

"అది కడుపుదో బస్సుదో ఎవరికి తెలుసు?"

"నీకు బస్సు పడదా?"

"చిన్నప్పటి నుంచీ అంతే. ఖమ్మం నుంచి భద్రాచలం వచ్చేటప్పుడల్లా పాల్వంచ దగ్గర గ్యారంటీగా కక్కేదాన్ని."

ఆమె మొహంలో కొత్తగూడెం దాకా వచ్చిన ధైర్యం అక్కడే దిగిపోయింది. ఆ మాట ఎందుకన్నానా అనిపించింది.

అక్కడి నుంచి బస్సు జూలూరుపాడు, ఏన్కూరు మీదుగా ఖమ్మం వైపు సాగింది. అడవి పలచబడి మిర్చి తోటలు మొదలయ్యాయి. పన్నెండు లోపే క్లినిక్ చేరాం. స్కానింగుకు ముందు నీళ్లు తాగమన్నారు, తాగి కూర్చున్నాను. బెంచీ నిండా పొట్టలు కనబడే ఆడవాళ్లు. ఒకామె వాంతి వస్తోందని బాత్రూముకు పరుగెత్తితే నాకు ఆమె మీద అసూయ కలిగింది. లోపలికి బంధువులు రాకూడదు కాబట్టి అత్తమ్మ బయటే ఆగింది.

డాక్టరమ్మ ముందు రక్తం కనబడిందా, కడుపు నొప్పి ఉందా అని అడిగారు. లేదన్నాను. "గోలీలు వేసుకుంటున్నావా?"

"నిన్న మధ్యాహ్నం ఆపేశాను మేడం."

"ఎవరు ఆపమన్నారు?"

చెప్పాను, చేపల సంగతితో సహా. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. పడుకోమన్నారు. చల్లటి జెల్ పొట్ట మీద పడింది. తెర ఆమె వైపు తిరిగి ఉంది. ఆమె చూస్తున్నారు, ఏదో కొలుస్తున్నారు, మాట్లాడటం లేదు. ఆ మౌనం నాకు తెలుసు. పోయిన ఏడాది కూడా మాటల కంటే ముందు ఇదే వచ్చింది. మంచం అంచున్న రెక్సిన్ చిరుగులోకి నా వేలు దూరిపోయింది. నేను సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీది మట్టి చూస్తూ ఉండిపోయాను.

"ఇటు చూడు" అన్నారామె.

తెర నా వైపు తిప్పారు. బూడిద రంగు మసకలో చిక్కుడు గింజంత ఆకారం, దాని మధ్యలో ఏదో చకచకా మిణుకుమంటోంది. నాకంటే తొందరలో ఉన్నట్టుంది.

"అదేనా మేడం?"

"అదే గుండె. వారాలకు తగ్గ సైజులోనే ఉంది."

"ఆగిపోదు కదా?"

"ఆ మాట నేను ఇవ్వలేను. ఈ రోజు బాగుంది, అది మాత్రం చెప్పగలను." టిష్యూ ఇచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాక విడమరిచి చెప్పారు. బి-సిక్స్ పనిచేస్తే వికారం తగ్గుతుంది, అది తగ్గడానికే ఇచ్చారు. కొందరికి పూర్తిగా తగ్గుతుంది, కొందరికి కొంచెమే. వాంతులు ఎన్నయ్యాయన్న దాన్ని బట్టి బిడ్డ ఎలా ఉందో లెక్క కట్టలేం. విటమినే కదా అని రాసిన దానికంటే ఎక్కువ మింగకూడదు, మోతాదు మించి చాలాకాలం వాడితే నరాలకు చెడుపు. ఐరన్ కలిసిన మల్టీవిటమిన్ ఈ నెలల్లో కొందరికి వికారం పెంచుతుంది, దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తానే చెబుతానన్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపొద్దన్నారు. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి చిక్కగా వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా ఇంటి దగ్గర ఆగకుండా దవాఖానాకు వచ్చేయాలి. "పరీక్షలు పెట్టడానికి నేనున్నాను. మీ అత్తమ్మకు కూడా చెప్పు" అన్నారు చివర్లో.

బయట అత్తమ్మ గోడకు ఆనుకొని నిలబడే ఉంది. కూర్చోవడానికి చోటు దొరికినా కూర్చోలేదట. చుట్టూ జనం. నేను తల ఊపాను. ఆమె నా చేతిలోని సీసా తీసుకొని మూలనున్న ఫిల్టరు దగ్గరికి వెళ్లి నింపింది, మూత రెండుసార్లు బిగించింది. తిరిగొచ్చి సంచిలోంచి బిస్కెట్లు తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇగ రెండు తిని గోలీ ఏస్కో" అంది. వేసుకునేదాకా ఎదురుగా నిలబడింది.

ఆ రాత్రి ఖమ్మంలో మా అమ్మవాళ్లింట్లో ఉండి, మర్నాడు అదే దారిలో తిరిగొచ్చాం. గోలీ వేసుకున్నాను, ముందు సీట్లో కూర్చున్నాను, పాల్వంచ దగ్గర వాంతి రాలేదు. రాకపోగానే మళ్లీ గుండె ఝల్లుమంది. స్కానింగు చూసి ఒక్కరోజే అయింది, అయినా భయం ఎప్పటిలాగే తయారు. ఇప్పుడు మూడు నెలలు నిండి ఈ ప్రయాణం గురించి బయటికి రాస్తున్నాను, ఇప్పటికీ వారంలో ఒకటి రెండుసార్లు ఆ భయం వచ్చి పోతుంది. ఒకసారి పోగొట్టుకున్నవాళ్లకు సుఖం కూడా అనుమానంగానే కనబడుతుందని నాకు తెలిసింది. బాధ ఉంటేనే బిడ్డ భద్రంగా ఉన్నట్టనుకొని, ఆ బాధను కోరి తెచ్చుకోబోయాను. అత్తమ్మ ముప్పై ఏళ్లు అదే భయాన్ని ఎవరికీ చెప్పకుండా మోసింది. ఇద్దరం నోరు విప్పడానికి కొత్తగూడెం దాకా రావాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో అడవి దాటేటప్పుడు ఆమె కిటికీ పక్కన నిద్రపోయింది. నేను చెట్లను చూస్తూ కూర్చున్నాను.

ఈ దారిలో వికారంతో ప్రయాణం చేయబోయే వాళ్లకు ఒక్క సలహా: బయలుదేరే ముందు ఎండు బిస్కెట్లో మరమరాలో కొంచెం తిని, డాక్టరు రాసిన గోలీని ఏ పూటా మానకుండా వేసుకొని, బస్సులో ముందు సీటు అడగండి. వాంతి రాలేదని భయం వేస్తే గోలీ ఆపి చూడకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.