కాగితంలో ఉన్నదే

మా అక్క పగబడితే పాము కూడా పక్కకి తప్పుకుంటుంది. ఈ మాట ఆవిడ ముందు అనను, అంత ధైర్యం నాకు లేదు. అక్క పద్దెనిమిదేళ్లకి పైగా ఒక రంగుల కంపెనీ ల్యాబులో అసిస్టెంటు. నేను అదే కంపెనీలో టైపిస్టుని.

కలప గుజ్జుని యాసిడ్‌లో మగ్గించి, కంటికి ఆనని స్ఫటికాలు తీయడం అక్క పని. రంగు గోడ మీంచి కారిపోకుండా నిలబెట్టేవి అవే. యాసిడ్ వాటి ఒంటికి విద్యుదావేశం అంటిస్తుంది. దాంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ, పడని తోటికోడళ్లలా ఎడంగా ఉంటాయి. నీళ్లలో అడుగుకి దిగవు. అయితే పొడిగా ఆరబెట్టే ముందు, మిగిలిన యాసిడ్ గుణం పోయేలా కాస్టిక్ సోడా చుక్కలు వెయ్యాలి. వెయ్యకపోతే ఎండేటప్పుడు అతుక్కుంటాయి, తర్వాత ఎంత కలియబెట్టినా విడిపోవు. మా కంపెనీలో ఆ కిటుకు పట్టుకున్నది అక్కే.

పొడి ఎలా చెయ్యాలో వరసగా రాసి ఉండే పని కాగితంలో దాన్ని చేర్చమని అక్క మేనేజరుకి రాసిచ్చింది. చేరిస్తే ‘సవరించినవారు’ అన్న గడిలో తన పేరు రావాలి. మేనేజరు డాక్టరేటు చేసినవాడు, మడత నలగని చొక్కా వేసేవాడు. మేమిద్దరం ఇస్త్రీ సారు అనుకుంటాం. తన సంతకం పైన అసిస్టెంటు పేరు ఆయనకి మింగుడుపడలేదు.

“అవన్నీ కాగితంలో ఎందుకమ్మా, నువ్వు చేసెయ్,” అన్నాడు.

అక్క చేసేసింది. పొడి బ్రహ్మాండంగా కుదిరింది. మెప్పంతా సారుకి దక్కింది.

కొన్నాళ్లకి అక్క కెమిస్టు ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. దాని మీద సారు అభిప్రాయం టైపు చేసింది నేనే. ‘స్వయంగా ఆలోచించే శక్తి లేదు. కాగితంలో ఉన్నదే చేస్తుంది.’ నాకు ఒళ్లు మండిపోయింది. తీసుకెళ్లి అక్కకి చూపించాను. చదివి, మడిచి ఇచ్చేసింది.

“సరే, కాగితంలో ఉన్నదే చేద్దాం,” అంది.

ఆ గొంతు విని భయమేసింది. నిజం చెప్పొద్దూ, సంతోషం కూడా వేసింది.

ఆ వారమే ఒక పెద్ద ఆర్డరుకి పొడి తయారుచెయ్యాల్సి వచ్చింది. అక్క కాస్టిక్ సీసా మూత తియ్యలేదు. కొనేవాళ్లు వచ్చిన రోజు, కంపెనీ పెద్దాయన ఎదుటే సారు ఆ పొడిని నీళ్లలో వేసి కలిపాడు. గడ్డలు కట్టి అడుగుకి దిగింది. మళ్లీ కలిపాడు, మళ్లీ దిగింది. ఏదో సంతకం వంకతో నేనూ అక్కడే నిలబడి కళ్లారా చూశాను. వచ్చినవాళ్లు మొహాలు చూసుకుని, మళ్లీ వస్తామని లేచారు.

“ఏం చేశావమ్మా?” అన్నాడు సారు.

“కాగితంలో ఉన్నదే చేశానండి.”

“అందులో లేనిదేమైనా ఉందా?” అని పెద్దాయన అడిగాడు.

“ఒకటుందండి. నేను రాసిచ్చాను. ఆ గడిలో నా పేరు పడితే, వారంలో మంచి పొడి చేసిస్తాను.”

సారు గబగబా పని కాగితమూ పెన్నూ తీసి, ఆ గడిలో అక్క పేరు రాశాడు.

“తేదీ కూడా వెయ్యండి సార్. నేను మీకు రాసిచ్చిన తేదీ,” అంది అక్క.

పెన్ను ఆగిపోయింది.

“వెయ్యవయ్యా,” అన్నాడు పెద్దాయన.

వేశాడు. ఎనిమిది నెలల కిందటి తేదీ. పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి, సారుని తన గదికి రమ్మన్నాడు.

ఇంటికెళ్తూ బస్సులో అడిగాను, కసి తీరిందా అని.

“ఈ ఎనిమిది నెలలది తీరింది,” అంది అక్క, కిటికీలోంచి చూస్తూ. “ముందరి పద్దెనిమిదేళ్లది అలాగే ఉంది.”