షమీమ్ గీసిన గొర్రె

నిన్న పొద్దున బస్సులో ఉన్నాను. రాప్తాడు దాటాక ఫోన్ మోగింది.

షమీమ్ వాళ్ల తమ్ముడు.

"పద్మక్కా, అక్క లేదక్కా."

"లేదంటే? ఇంత పొద్దున్నే యాడికి పోయింది?" అన్నాను.

అవతల నుంచి ఏడుపు వినిపించింది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

కొన్నేళ్లుగా కిడ్నీ జబ్బు. డయాలసిస్ నడుస్తూనే ఉంది. అయినా మొన్న వీడియో కాల్‌లో ఎంత బాగా నవ్విందో. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి షమీమ్ డ్రాయింగ్ టీచర్‌గానే తెలుసు. అంతకు ముందు షమీమ్ ఇంకొకటి చేసింది. అది మీకు చెప్పాలి.

రెండు వేల సంవత్సరం తర్వాతి సంగతి. శింగనమల దగ్గర గొర్రెల కాపరుల సంఘం ఆఫీసులో మేమిద్దరం పనిచేసేవాళ్లం. ఎవరో దాతలు సంఘానికి ఒక కంప్యూటర్ ఇచ్చారు. గొర్రెల జబ్బుల ఫోటోలు, మందుల వివరాలు, సంత ధరలు, అన్నీ వేర్వేరు ఫోల్డర్లలో పెట్టి మరీ ఇచ్చారు. కాపరులే వచ్చి చూసుకుంటారని వాళ్ల ఆశ.

ఒక్కరూ ముట్టుకోలేదు.

ఎట్లా ముట్టుకుంటారు? అన్నీ ఒకే రకం పసుపు ఫోల్డర్లు. కింద ఇంగ్లీషు పేర్లు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడమే రాదు.

"పేర్లతో పని లేదు పద్మా, బొమ్మలు పెడదాం" అంది షమీమ్.

స్క్రీన్ కింద, స్టార్ట్ బటన్ పక్కన చిన్న పట్టీ ఉండేది గుర్తుందా? ఫోల్డర్లన్నీ తెచ్చి అక్కడ వరుసగా పెట్టింది. ఒక్క క్లిక్ చేస్తే చాలు, తెరుచుకుంటాయి. ఇక ఒక్కోదానికి ఆ పసుపు ఐకాన్ తీసేసి సొంత బొమ్మ పెట్టాలి.

ఇప్పుడైతే నెట్‌లో వెతికితే లక్ష బొమ్మలు. అప్పుడు మా ఆఫీసులో నెట్ లేదు. పెయింట్ తెరిచి, బాగా జూమ్ చేసి, ఒక్కో గడికీ రంగు నింపేది. అంతా అయ్యాక చూస్తే బొమ్మ వేలిగోరంత.

"ఇంతలో ఏం కనబడుతుందే?" అన్నాను.

"మా అమ్మ మ్యాటీ గుడ్డ మీద గళ్లు చూసుకుని నెమలిని కుడుతుంది కదా. ఇదీ అంతే."

మందు కోసం ఓబులమ్మ వచ్చింది. చిన్న మంద ఉన్న మనిషి, ఒంటరిది, అక్షరం రాదు. షమీమ్ ఆమెను కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, జబ్బుల ఫోల్డర్‌కు గీసిన బొమ్మ చూపించి అడిగింది.

"పెద్దమ్మా, ఇదేందో చెప్పు."

ఓబులమ్మ బాగా వంగి చూసింది.

"కుక్క."

ఆఫీసంతా నవ్వాం. షమీమ్ మాత్రం నవ్వలేదు.

"తప్పు యాడుండాది, చెప్పు పెద్దమ్మా."

"చెవులు నిలబెట్టినావు కదా పాపా. గొర్రెకు చెవులు యాలాడతాయి. తల ఎప్పుడూ నేల మీదకే ఉంటాది. రేపు నా ఎంబడి రా, చూపిస్తా."

నిజంగానే పోయింది! ఆ ఎండలో, మంద వెనక, సాయంత్రం దాకా. మొహం కమిలిపోయి తిరిగొచ్చింది.

మర్నాడు నా కళ్ల ముందే మార్చింది. చెవి దగ్గర రెండు మూడు గళ్లు చెరిపింది. తల కాస్త కిందికి దించింది.

అంతే. కుక్క పోయింది. అక్కడ గొర్రె నిలబడింది.

మేత మేస్తున్న మన సీమ గొర్రె, వేలిగోరంతలో!

నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా.

ఆ ఏడాది వానలు పడ్డాయి. మాకు వాన పడితే పండగే, కానీ వాన వెనకే గొర్రెలకు జబ్బులూ వస్తాయి. ఒక పొద్దున ఓబులమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. మందలో కొన్ని మేత ముట్టడం లేదట, రెండు లేవనే లేవడం లేదట. పశువుల డాక్టర్ వేరే ఊరిలో ఉన్నాడు. ఆయన దొరుకుతాడేమోనని షమీమ్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది.

ఓబులమ్మ ఎవరినీ అడగలేదు. పోయి కుర్చీలో కూర్చుంది. మౌస్‌ను రెండు చేతులతో పట్టుకుంది. షమీమ్ చూపించినట్టే బాణాన్ని మెల్లగా కిందికి జరిపి, గొర్రె బొమ్మ మీద నొక్కింది.

జబ్బుల ఫోటోలన్నీ తెరుచుకున్నాయి. ఒక్కోటీ చూసుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగింది.

"పాపా, ఇదే! మూతి ఇట్లే వాచింది. నాలుక ఇట్లే నీలంగా ఉండాది."

సరిగ్గా అప్పుడే డాక్టర్ లైన్‌లోకి వచ్చాడు. షమీమ్ ఆ ఫోటో కింద ఉన్న జబ్బు పేరు చదివి వినిపించింది.

"జబ్బు చేసిన వాటిని వెంటనే వేరు చేయండి. నీడలో పెట్టి గంజి పట్టండి. మందులు తీసుకుని వస్తాండా" అన్నాడాయన. అన్నట్టే మధ్యాహ్నానికి స్కూటర్ మీద వచ్చాడు.

లేవలేని ఆ రెండూ దక్కలేదు. మిగిలిన మంద దక్కింది. కబురు తెలిసి పక్క మందల వాళ్లూ జాగ్రత్త పడ్డారు.

ఆ సాయంత్రం ఓబులమ్మ షమీమ్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత మా ఆఫీసు కంప్యూటర్ ఖాళీగా ఉంటే ఒట్టు! ఎక్కడో దూరాన ఉన్న తనకల్లు నుంచి కూడా మనుషులు బస్సెక్కి వచ్చారు. "మాకు మేకలు జాస్తి, మేక బొమ్మ గీసిస్తావా తల్లీ?" అని అడిగారు. షమీమ్ గడ్డంతో సహా గీసి, వాళ్ల సంఘం కంప్యూటర్‌లో పెట్టుకోమని ఫ్లాపీలో వేసిచ్చింది.

నిన్న వాళ్లింట్లో ఆమె పక్కన కూర్చున్నాను. సూదులతో ఉబ్బిపోయిన ఆ చేతిని చూస్తూ ఉన్నాను.

గొప్ప గొప్ప పనితనం ఉన్నవాళ్లను జీవితంలో చాలామందిని చూశాను. గీసిన బొమ్మ చూసి జనం నవ్వుతుంటే, చిన్నబుచ్చుకోకుండా, చదువు రాని మనిషి ముందు వంగి "తప్పు యాడుండాది, చెప్పు" అని అడిగిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను.

ఆమె నా స్నేహితురాలు.

పోయిరా షమీమ్. ఇక సూదులు లేవు, నొప్పి లేదు. హాయిగా పడుకో. ఆ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.