పెట్రోలు మరగనివ్వని మా విశాలాక్షి వదిన

మొన్న ఉదయం మెకానిక్ సుభానీ ఫోను చేసి, "భారతమ్మగారూ, అమ్మగారు షాపులో, కుర్చీలో కూర్చునే..." అని ఆగిపోయాడు. ఆ వాక్యంలో క్రియ లేదు. ముప్పాతిక జీవితం పిల్లలకు వ్యాకరణం చెప్పిన నాకు ఆ ఒక్క క్రియను పూరించుకునే ధైర్యం చాలలేదు. ముందు రోజు సాయంత్రమే నాతో మాట్లాడి, పత్తి విత్తనాల లారీ ఆలస్యమైందని డ్రైవరును కడుపారా తిట్టి, మళ్ళీ ఆ డ్రైవరుకే టీ తెప్పించిన మనిషి. అంతటి ప్రాణవంతురాలు తెల్లవారేసరికి లేదంటే బుద్ధి అంగీకరించినా మనసు అంగీకరించదు.

విశాలాక్షి మా చిన్నన్నయ్య భార్య. పుట్టిల్లు ఎ.కొండూరు దగ్గరి పల్లె, మెట్టినిల్లు తిరువూరు. అన్నయ్య పోయాక విత్తనాల దుకాణాన్నీ మామిడితోటనూ ఒంటిచేత్తో నడిపింది. రైతులకు ఆమె దుకాణం అమ్మగారు. కానీ ఖమ్మం నుంచి గుంటూరు దాకా పాత కార్లంటే ప్రాణం పెట్టే కొందరు ఆత్మీయులకు మాత్రం ఆమె మరొక శాస్త్రంలో ఆచార్యురాలు. ఆ శాస్త్రం పేరు చెబితే ఈ వ్యాసం చదివేవారు నవ్వవచ్చు. పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ వేడికి కార్బ్యురేటర్‌లో పెట్రోలు మరిగిపోకుండా కాపాడే శాస్త్రం. నవ్వండి. ఆమె కూడా నవ్వుతూనే నేర్చుకుంది.

ఆ కారు ఇంగ్లండులో తయారైన పాతకాలపు బండి. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకు జానెడు ఎత్తు. బొగ్గు గనుల్లో పనిచేసి వెళ్ళిపోయిన ఒక దొర దగ్గర నుంచి చేతులు మారి మారి మా చిన్నన్నయ్యకు చేరింది. అన్నయ్య పోయాక చాలాకాలం మామిడితోట షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. ఒకనాడు వదిన దాన్ని బయటికి తీయించింది. "అన్నయ్య గుర్తుగానా వదినా?" అని నేను గద్గదంగా అడిగాను.

"మీ అన్నయ్య దీన్ని తుడిచేవాడే గానీ ఎప్పుడన్నా నడిపాడా? నాకు నడపాలనుంది, భారతీ" అంది వదిన. అంతే. ఆమెలో శోకానికి కొదవ లేదు, శోకప్రదర్శనకు మాత్రం తీరిక లేదు.

నడపడమైతే మొదలుపెట్టింది. చలికాలమంతా ఆ బండి లేడిపిల్లలా పరుగెత్తింది. నెమలి గ్రామం వెళ్ళి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని వచ్చాం. మాఘం దాటి ఎండ ముదిరేసరికి దాని అసలు స్వభావం బయటపడింది. విజయవాడ వెళుతుంటే మైలవరం దాటాక ట్రాఫిక్‌లో రొప్పి, దగ్గి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక బస్సు హారన్, దాని వెనక లారీ హారన్. చివరికి బస్సు డ్రైవరే దిగి, "మేడం గారూ, మీరు స్టీరింగ్ పట్టుకోండి, మేం నెడతాం" అని ప్రయాణికులను పిలిచాడు. అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళం, కప్పు లేని కారులో, ఊరేగింపు విగ్రహాల్లాగా పక్కకు నెట్టబడ్డాం. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. వదిన అందరికీ నమస్కారాలు పెడుతూ కూర్చుంది.

ఆ వార్త మాకంటే ముందే తిరువూరు చేరింది. మా పెద్దన్నయ్య కుటుంబ గౌరవానికి కాపలాదారు. మర్నాడే వచ్చి, "చూడమ్మాయ్, ఆ బండి అమ్మేద్దాం. హైదరాబాదులో పాత కార్లు కొనేవాళ్ళున్నారు" అన్నాడు. వదిన తల వంచుకుని విని, "కొంచెం ఆగండి బావగారూ" అని మాత్రం అంది. ఆ తలవంచడాన్ని వినయమని భ్రమించినవాళ్ళు ఆమెను ఎరగనివాళ్ళు.

ఆ రోజు నుంచి బస్టాండు వెనకాల ఉన్న సుభానీ షెడ్డు ఆమెకు రెండో దుకాణమైంది. జబ్బు ఏమిటో ఇద్దరూ త్వరగానే పట్టుకున్నారు. ఆ ఇంజిన్‌లో పొగను మోసుకుపోయే గొట్టాలు కింద ఎర్రగా కాగుతుంటే, పెట్రోలును గాలితో కలిపే రెండు కార్బ్యురేటర్లు సరిగ్గా వాటి నెత్తినే ఉన్నాయి. చల్లటి దేశంలో అది సుఖాసనం. మన ఎండలో పొయ్యి మీద గిన్నె. పెట్రోలు మరిగి బుడగలైపోతే ఇంజిన్‌కు తాగడానికి ఏముంటుంది? పైగా ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతోందని సుభానీ గోల.

జబ్బు తెలిసింది గానీ వైద్యం తెలియలేదు. మొదట ఇద్దరూ కలిసి కార్బ్యురేటర్ల చుట్టూ మెరిసే వెండిరేకు దిట్టంగా చుట్టేశారు. బండి అంతకుముందుకన్నా త్వరగా ఆగింది. లోపలికి వచ్చిన వేడి బయటికి పోలేక అక్కడే కూర్చుంది. "జ్వరమొచ్చినోడికి రగ్గు కప్పాం సుభానీ" అని వదిన పకపకా నవ్వింది. "ఐడియా మీదేగా అమ్మగారూ!" అన్నాడు సుభానీ. "చుట్టింది నువ్వేగా!" అంది ఈమె.

తర్వాత బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి వేలెడు పైకెత్తారు, వేడిగాలి ఆ సందులోంచి పోతుందని. పోతోందో లేదో చూడడమెలా? వదిన నా ఊలు బుట్టలోంచి ఎర్రదారం తీసి, ముక్కలు చేసి, బానెట్ అంచు పొడుగునా టేపుతో అంటించింది. "నేను రోడ్డు చూస్తా, నువ్వు దారాలు చూడు" అని నాకు ఉద్యోగమిచ్చింది. బండి వేగం అందుకోగానే ఆ దారాలన్నీ బయటికి ఎగరకుండా సందులోకి దూరిపోయాయి! ముందు అద్దానికి కొట్టుకున్న గాలి బయటికి దారి లేకుండా తిరిగి లోపలికే వస్తోందన్నమాట. నేనది అరిచి చెబితే వదిన స్టీరింగ్ మీద చెయ్యి చరిచి, చంటిపిల్ల తొలిమాట విన్న తల్లిలా సంతోషించింది. తన ఊహ తప్పని తేలినందుకు అంత ఆనందించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. బస్టాండు దగ్గర ఎవరో, "ఎర్రదారాలేంటండీ, ఏం పూజ?" అని అడిగితే, "వాయుదేవుడిదండీ" అంది నిర్వికారంగా.

వాషర్లు తీసేశారు. గాలి వేరే ఎటు పోగలదని వెతికితే, ముందు చక్రాల వెనకాల పక్కల్లో ఉండవలసిన కంతలను ఎవరో ఎప్పుడో దుమ్ము రాకుండా రేకు వేసి మూసి, రంగు పూసేశారని తేలింది. వాటిని తెరిచారు. రేడియేటర్ పక్కనున్న సందులు మూసి, వచ్చిన గాలంతా దాని గుండానే పోయేట్టు చేశారు. గొట్టాలకూ కార్బ్యురేటర్లకూ మధ్య ఒక రేకు పలక నిలబెట్టారు, ఈసారి దేనికీ తగలకుండా చుట్టూ గాలి ఆడేట్టు. కార్బ్యురేటర్ల మొదట్లో వేడి పాకకుండా బేకలైటు బిళ్ళలు బిగించారు. పెట్రోలు పైపును వేడి పక్కనుంచి తప్పించి చుట్టుదారిన తెచ్చారు. ఒక్కో మార్పుకూ ఒక్కో ప్రయాణం. "రెండు ఒకేసారి మార్చామనుకో, ఏది పనిచేసిందో దేవుడు కూడా చెప్పలేడు" అనేది వదిన. ఆమె నోట తరచుగా వినిపించిన మరో మాట, "వేడితో పోట్లాడకు. బయటికి దారి చూపించు." బండి గురించే చెప్పేది. నేను మాత్రం మా ఇంటి తగవుల్లోనూ దాన్ని వాడుకున్నాను, ఫలించింది.

ఇంతలో పెద్దన్నయ్య హైదరాబాదు నుంచి కొనుగోలుదారును వెంటబెట్టుకునే వచ్చాడు. రోహిణి కార్తె. రోడ్డు మీద తారు మెత్తబడే కాలం. వదిన వాళ్ళకు మామిడిపళ్ళు కోసి పెట్టి, మెల్లగా అంది: "బావగారూ, ఇప్పుడే ఈ ఎండలోనే విజయవాడ వెళదాం. మైలవరంలో భోజనానికి ఆగుదాం. బండి ఆగిపోతే తాళం మీ చేతిలో పెడతా. ఆగకపోతే అమ్మకం మాట మళ్ళీ ఎత్తకూడదు."

పెద్దన్నయ్య ఒప్పుకున్నాడు. ముందు మా చిన్న కారు, వెనక వాళ్ళ ఏసీ కారు. మైలవరం దాకా బండి నిక్షేపంగా నడిచింది. అయితే అసలు గండం ఆగిన తర్వాతేనని పెద్దన్నయ్యకు ఎవరో చెప్పినట్టున్నారు. ఇంజిన్ ఆపగానే లోపల గాలి ఆడడం మానేస్తుంది, కాగిన ఇనుములోని వేడంతా పైకి చేరుతుంది. అందుకని ఆయన భోజనాన్ని యజ్ఞంలా సాగదీశాడు. రెండోసారి సాంబారు. మూడోసారి పెరుగు. ఆ తర్వాత కిళ్ళీ, దానిమీద సోడా. కొనవచ్చిన పెద్దమనిషి అరుగు మీద కునుకు తీశాడు. వదిన మాత్రం, "ఇంకొంచెం వడ్డించమంటారా బావగారూ?" అని మర్యాద చేస్తూనే ఉంది. బల్ల కింద ఆమె చెయ్యి నా చేతిని పట్టుకుని ఉంది. ఆ అరచెయ్యి చెమటతో చల్లగా ఉండడం నాకొక్కదానికే తెలుసు. ఆ బండి పోతే ఆమె మళ్ళీ దుకాణం కుర్చీకే పరిమితం. అది ఆమెకూ తెలుసు.

బండెక్కి స్టార్ట్ చేసింది. ఇంజిన్ ఒకసారి దగ్గి ఊరుకుంది. పెద్దన్నయ్య ముఖం వికసించింది. వదిన పెదవులు బిగించి, యాక్సిలరేటర్‌ను అడుగంటేలా తొక్కిపట్టి, మళ్ళీ తాళం తిప్పింది. అలా తొక్కితే లోపల చేరిన ఎక్కువ పెట్రోలును గాలి తుడుచుకుపోతుందట. ఇంజిన్ గిరగిరా తిరిగింది, గుప్పుమని నల్లటి పొగ కక్కింది, ఆపై గర్జించింది.

"ముందు ఆగిందిగా!" అన్నాడు పెద్దన్నయ్య.

"స్టార్ట్ అయిందిగా సార్!" అన్నాడు కునుకు నుంచి లేచిన కొనుగోలుదారు, నవ్వు ఆపుకోలేక. "ఈ ఎండలో నా బండ్లు ఒక్కటీ ఇలా లేవదండీ. ఏం చేశారమ్మా?"

పెద్దన్నయ్య కాసేపు కండువా సవరించుకున్నాడు. మాట తప్పే మనిషి కాదు. దగ్గరికొచ్చి, కొంచెం బిడియంగా, "విజయవాడ దాకా నన్ను ఎక్కించుకుంటావా అమ్మాయ్?" అని అడిగాడు. నేను దిగి ఏసీ కారులోకి మారాను. ముందు కారులో, ఎగిరిపోతున్న కండువాను రెండు చేతులా పట్టుకుని ఆయన నవ్వుతున్న నవ్వు వెనక కారులోకి కూడా కనబడింది.

కొనవచ్చినవాడు శిష్యుడయ్యాడు. ఆయన ద్వారా మరికొందరు. దుకాణంలో రైతుకు విత్తనాల ప్యాకెట్టు అందిస్తూనే ఫోను భుజానికి ఆనించుకుని, "ముందు పైపు ఎటు పోతోందో చూసి చెప్పు నాయనా" అని ఎవరికో వైద్యం చెప్పేది. తెలియకపోతే తెలియదనేది. సుభానీని అడిగి చెబుతాననేది.

నిన్న మధ్యాహ్నం వదిన అంత్యక్రియలు. ఖమ్మం, ఏలూరు, గుంటూరు, హైదరాబాదు నుంచి ఆమె శిష్యులందరూ వచ్చారు. వేరే వాహనాలుండగా, ఆ మండుటెండలో తమ తమ పాత కార్లలోనే వచ్చారు. వీధి పొడుగునా వరసగా ఆపి, దిగగానే ఒక్కొక్కరూ తమ కారు బానెట్ ఎత్తి నిలబెట్టారు. ఆగగానే వేడికి దారి ఇవ్వాలని ఆమె వాళ్ళకు అలవాటు చేసిందట. ఎవరూ అనుకుని చేసింది కాదు. చూసేవాళ్ళకు మాత్రం ఆ వీధి వీధంతా చేతులెత్తి మొక్కుతున్నట్టు ఉంది. పెద్దన్నయ్య కండువాతో ముఖం కప్పుకున్నాడు.

సుభానీ కళ్ళు తుడుచుకుంటూ ఒక్కో కారు దగ్గరికీ వెళ్ళి, వంగి చూసి, చెయ్యి పెట్టి చూసి నా దగ్గరికొచ్చాడు. "ఇంత దూరం వచ్చాయమ్మా. దారిలో ఒక్కటీ మరగలేదంట."

నా ముఖం వెలిగిపోయింది. ఈ మాట వదినకు చెప్పాలని గబగబా లోపలికి నడిచాను. గడప దాటాకే ఆగాను.