ఖాళీగా ఉన్న ఎనిమిదేళ్ళు

మా సందులో అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. పెళ్ళికి ముందు నుంచీ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలకు సాన పట్టేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆమె పని మానేసి ఎనిమిదేళ్ళయినా పేరు మాత్రం మానలేదు. నేనూ అంతేగా, బడి మానేసి ఎన్నాళ్ళయినా టీచరుగారినే. పేరు బంక లాంటిది, ఒకసారి అతుక్కుందంటే కడిగినా పోదు.

ఆమె మొగుడు కరెంటు పని చేసేవాడు. ఒకరోజు నిచ్చెన మీద నుంచి వెనక్కి పడ్డాడు. నడుం కింద నుంచి చచ్చుబడిపోయింది. దుకాణం మానేసి మొగుణ్ణి తీసుకుని మరిది ఇంటి వెనక గదిలోకి వచ్చింది. ఆ గది కిటికీకీ మా పెరటి గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు. వినకూడదనుకున్నా అన్నీ వినిపించేవి. "ఊఁ, నా మెడ పట్టుకో. గట్టిగా పట్టుకోవయ్యా, నేనేం గాజుబొమ్మనా" అంటూ ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేది. కాసేపటికి మళ్ళీ అదే మాట. తర్వాత దుప్పటి ఉతికిన చప్పుడు. అన్నాళ్ళు మంచం పట్టిన మనిషికి వీపు మీద ఒక్క పుండు పడలేదంటే నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆమె ఆశ్చర్యపోయేది కాదు, ఆమెకు అంత తీరిక ఎక్కడిది?

కిందటి చలికాలంలో ఆయన పోయాడు. మంచం మడిచి గోడకు ఆనించారు. ఆ మర్నాటి నుంచే ఆ ఇంట్లో ఒక మాట మొదలైంది.

"పిల్లల్ని బడి నుంచి అక్క తీసుకొస్తుందిలే, ఖాళీగానే ఉందిగా."

"మీ వదిన ఖాళీయేగా, గ్యాసువాడు వస్తే తనే చూసుకుంటుంది."

ఈ మాట ఎక్కువగా అనేది తోటికోడలు. చెడ్డ మనిషేం కాదు. ఆమె నోటికీ మనసుకీ మధ్య గుమ్మం లేదు, అంతే. పొద్దున లేచిన దగ్గర్నుంచి తనూ కుట్టుమిషను తొక్కుతూనే ఉండేది. మరిది మాత్రం ఏ మాటా అనడు. పేపరు అడ్డం పెట్టుకుంటాడు. ఆ పేపర్లో ఏముందని అడిగితే పాపం ఒక్క వార్తా చెప్పలేడు.

ఇలా ఉండగా తోటికోడలి తల్లి వేరే ఊళ్ళో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఇక లేచి నడవదన్నారు. కొడుకులకు ఉద్యోగాలు, కోడళ్ళకు పిల్లలు. ఫోను మీద ఫోను నడిచి, చివరికి తోటికోడలు వచ్చి వెనక గది గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నువ్వెలాగూ ఖాళీయేగా. పైగా నీకు ఈ పని అలవాటు. ఆదివారం మా అన్నయ్య వ్యాను పంపిస్తాడు. అక్కడ నీకు ఏ లోటూ ఉండదు."

"ఎన్నాళ్ళమ్మా?"

"ఎన్నాళ్ళని ఎలా చెప్తాం? అమ్మ ఉన్నన్నాళ్ళూ."

అద్దాలక్క ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ ఇంట్లో అది పూర్తి అంగీకారం కిందే లెక్క.

ఆ సాయంత్రమే మా పెరటి వైపు నుంచి వచ్చింది. పేపరు నుంచి చింపిన ముక్క ఒకటి చేతిలో ఉంది.

"టీచరుగారూ, మీకు ఉత్తరాలు రాయడం వచ్చుగా?"

"వచ్చా అని అడుగుతావేమే. బడి మొత్తానికి ఉత్తరాలు నేర్పి, ఒక్కడి దగ్గర్నుంచీ ఉత్తరం అందుకోని టీచర్ని ఈ లోకంలో నేనే."

ముక్క తీసుకుని చదివాను. ఊరి చివర కొత్తగా పెట్టిన అద్దాల కర్మాగారం ప్రకటన అది. "ఖాళీలు కలవు. ఓర్పు, నిలకడ గల చెయ్యి, నమ్మకం ఉన్నవారు తమ గురించి వివరిస్తూ ఒక ఉత్తరం జతచేసి దరఖాస్తు చేసుకోవలెను."

"ఈ ఉద్యోగం రాకపోతే ఆదివారం వ్యాను ఎక్కాలి. ఇంకో మంచం దగ్గర కూర్చోవడం నా వల్ల కాదు టీచరుగారూ. ఈసారి కూర్చుంటే లేవను" అంది. గొంతులో ఏడుపు లేదు. టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది.

క్యాలెండరు కాగితం వెనక తను రాసుకున్నది చూపించింది. "మహారాజశ్రీ మేనేజరుగారి సముఖమునకు విధేయతతో రాసుకొను విన్నపము. నేను దిక్కులేనిదానను. నాకు అద్దముల పని కొంత తెలియును. గత ఎనిమిది సంవత్సరములుగా ఇంటి వద్ద ఖాళీగా ఉన్నాను. కావున దయతో నాకు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన."

నాకు నవ్వు ఆగలేదు. "ఓసి పిచ్చిదానా, ఇంకా చేరనేలేదు, అప్పుడే సెలవా?"

తనూ చూసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. మరి బడిలో మనం నేర్చుకున్న ఉత్తరం అదొక్కటేగా. కడుపునొప్పి వల్ల రాలేకపోతున్నాను అని రాసీ రాసీ, ఏ ఉత్తరం మొదలుపెట్టినా చెయ్యి దానంతటదే సెలవు దగ్గరికి వెళ్ళిపోతుంది.

"ఇలా కూర్చో" అన్నాను. "ఇది చదివేవాడు ఎలా ఉంటాడో చెప్పు. బల్ల మీద ఇంత కట్ట, పక్కన చల్లారిపోయిన టీ. ఎవరి కాగితం పక్కన పడేద్దామా అని చూస్తుంటాడు. దిక్కులేనివాళ్ళు ఆ కట్ట నిండా ఉంటారు. వాడు వెతుకుతున్నది పనిచేసే చెయ్యిని. అందుకని మొదటి మాటలోనే ఏ పని కోసం రాస్తున్నావో చెప్పు. తర్వాత నువ్వు చేసిన పని ఒక్కటి, ఇంకెవరూ రాయలేనిది, చెప్పు. చదువుతుంటే నీ చెయ్యి కనపడాలి. కొంత తెలియును అని రాశావంటే ఉద్యోగం కూడా కొంతే ఇస్తాడు."

"ఒక్కటంటే ఏం చెప్పను? రోజూ అదే పనిగా."

"ఎవరైనా మర్చిపోలేని మనిషి ఒక్కరైనా రాలేదా దుకాణానికి?"

"ఒక పెద్దాయన వచ్చేవాడు. సోడాబుడ్డి అద్దాలు. ఆ మందం చూసి వీధిలో పిల్లలు ఏడిపిస్తున్నారని కళ్ళజోడు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. గుద్దుకుంటూ తిరిగేవాడు పాపం. నేను అంచు లోపలికి వాలుగా సాన పట్టి, మందమంతా ఫ్రేము వెనక్కి పోయేలా కూర్చోబెట్టాను. పక్క నుంచి చూస్తే తెలిసేది కాదు. ఆ వాలు తీసేటప్పుడు చెయ్యి కాస్త అదిరినా అద్దం టప్పున పెట్లిపోతుంది."

"ఇదిగో, ఇదే రాయి. ఇప్పుడు నువ్వు అన్నట్టే రాయి."

రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటీ సాన పట్టినట్టే ఉన్నాయి. ఇక ఎనిమిదేళ్ళ సంగతి దగ్గరికి వచ్చాం. అక్కడ కలం ఆగింది.

"ఖాళీగా ఉన్నానని అలాగే ఉంచుదాం. ఉన్నమాటేగా" అంది.

సరిగ్గా అప్పుడే గోడ అవతలి నుంచి తోటికోడలి గొంతు. "అక్కా, ఎక్కడున్నావు? ఖాళీగా కబుర్లు చెప్పకపోతే ఈ బట్టలు కాస్త మడతపెట్టొచ్చుగా."

"వస్తున్నానమ్మా" అంది అద్దాలక్క. కానీ లేవలేదు. కాగితం వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టింది.

"వాళ్ళు ఓర్పు అడిగారుగా టీచరుగారూ. చెప్తాను."

కొత్త కాగితం తీసుకుని పైనుంచి మళ్ళీ రాసుకుంటూ వచ్చి, నన్ను ఒక్క మాటా అడగకుండా ఇలా రాసింది: "ఎనిమిదేళ్ళు మంచంలో ఉన్న నా భర్తను రాత్రీ పగలూ నేనొక్కదాన్నే చూసుకున్నాను. ఒంటి మీద పుండు పడనివ్వలేదు. మందు వేళ తప్పనివ్వలేదు. విసుగు వచ్చిన రోజులు ఉన్నాయి. అది ఆయనకు తెలియనివ్వలేదు."

ఎన్ని వేల ఉత్తరాలు దిద్దాను. దీనిలో ఒక్క సున్నా కూడా మార్చబుద్ధి కాలేదు.

కర్మాగారం నుంచి గురువారం రమ్మని పిలుపు వచ్చింది. ఆ పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, బయట పని ఉందని ఇంట్లో చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి మా మెట్ల మీద కూలబడింది. అక్కడ ఏం జరిగిందో తను చెప్పిన వరసలోనే చెప్తాను.

యజమాని స్వయంగా కూర్చోబెట్టాడట. ఉత్తరం చేతిలో పట్టుకుని, "ఇంత చక్కగా రాసిన ఉత్తరం నేను చూడలేదమ్మా. మా ఆవిడ చదివి కళ్ళు తుడుచుకుంది" అన్నాడట. ఈమెకు ప్రాణం లేచొచ్చింది. ఎప్పుడు చేరమంటారని అడుగుదామనుకుంటోంది.

"మా నాన్నగారు మంచంలో ఉన్నారు. ఎవర్ని పెట్టినా నాలుగు రోజులు ఉండటం లేదు. నీలాంటి మనిషి కోసమే చూస్తున్నాం. ఇంట్లోనే గది ఇస్తాం, మంచి జీతం ఇస్తాం" అన్నాడట.

"నేను అద్దాల పనికి రాశానండీ."

"అవి ఇప్పుడు కంప్యూటరు మిషన్లమ్మా. చేత్తో సాన పట్టేవాళ్ళు మాకెందుకు? కుర్రాళ్ళున్నారు, మీట నొక్కుతారు."

"ఆ ముసలాయన కళ్ళజోడు సంగతి రాశానండీ."

"ఏ ముసలాయన?" అని కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడట.

చెప్పడం ఆపి మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుంది. "సగం ఉత్తరం చదవనేలేదు టీచరుగారూ. మంచం ఒక్కటే కనపడింది ఆయనకి."

నేను ఊరుకోవచ్చుగా. నోరు ఊరుకోదు. "ఊరికే చేసేదానికి జీతం ఇస్తామంటున్నారు కదే. వ్యాను ఎక్కడం కంటే నయమేగా?"

"నయమే" అంది. "గొయ్యి కంటే నుయ్యి నయమే. అందులో నీళ్ళైనా ఉంటాయి."

అని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇంకో కాగితం ఉందా?"

బస్టాండు వెనక ఒక పాత కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పగిలిన గాజు తలుపు మీద "సాన పనికి మనిషి కావలెను, వివరములు రాసి ఇవ్వండి" అని అట్ట కట్టి ఉందట. వచ్చేటప్పుడు చూసిందట. నా బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఈసారి ఉత్తరం చిన్నది. సాన పని వచ్చు, ముసలాయన కళ్ళజోడు, రేపే చేరగలను. కింద ఒక్క వాక్యం: "ఈ ఎనిమిదేళ్ళు ఇంట్లో ఖాళీగా ఉన్నాను."

"అదేమిటే, కొట్టేసిన మాట మళ్ళీ రాస్తావు? అబద్ధం కాదూ?"

"అబద్ధం ఎలా అవుతుంది? ఇంట్లో అదే అన్నారు, వీధిలో అదే అన్నారు. మీరు కూడా ఎప్పుడో ఒకసారి అనే ఉంటారు. అందరూ ఒకటి రాస్తుంటే నేనొక్కదాన్నే వేరేగా రాశాను. మార్కులు పోయాయి."

శుక్రవారం పొద్దున్నే వెళ్ళింది. దుకాణదారు ముసలివాడు. ఉత్తరం మొత్తం వేలుపెట్టి చదివి, ఒక అద్దం ముక్కా ఒక ఫ్రేమూ ఇచ్చి సానరాయి చూపించాడట. చక్రం మీద నీళ్ళచుక్కలు పడుతున్నాయి. ఎన్నాళ్ళకో పట్టుకున్న అద్దం. మొదట వేలు తెగింది. నెత్తురు చీర చెంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. అంచు కుదిరింది. దుకాణదారు అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఫ్రేములో నొక్కి, ఊఁ అన్నాడట.

"చెయ్యి కాస్త మొద్దుబారింది, పని మీద దారికొస్తుంది. ఇంతకీ ఎనిమిదేళ్ళు ఏం చేశావమ్మా?"

"ఖాళీగానే ఉన్నానండీ."

"అదృష్టవంతురాలివి" అన్నాడట.

ఈ ముక్క చెప్పేటప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆదివారం వ్యాను వచ్చింది. దుకాణానికి సెలవు సోమవారం, కాబట్టి అద్దాలక్క అప్పటికే పనికి వెళ్ళిపోయింది. ముందు రోజే ఇంట్లో చెప్పేసింది. తోటికోడలు అరవలేదు. "ముందే చెప్పి ఉంటే ఇంకేదైనా చూసుకునేవాళ్ళం కదక్కా" అందట, అంతే. వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు. ఇంకెవరూ లేరు. తోటికోడలే రెండు సంచులు సర్దుకుంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. వెళ్ళేముందు పిల్లల జడలు రెండోసారి విప్పి మళ్ళీ వేసింది. వ్యాను ఎక్కి, ఎవరివైపూ చూడకుండా, ఒళ్ళో సంచి పట్టుకుని కూర్చుంది.

కొన్నాళ్ళ తర్వాత ఒక సాయంత్రం మరిది వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జాకెట్లు కుట్టడానికిచ్చిన పక్కింటావిడ వచ్చి అడిగింది. "ఏమయ్యా, మీ ఆవిడ ఇంకా రాలేదా?"

"ఇప్పట్లో రాదండీ. వాళ్ళమ్మ దగ్గరుంది. ఖాళీగానే ఉందిగా, ఇక్కడైతేనేం అక్కడైతేనేం."

అద్దాలక్క అప్పుడే దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. వేలికి పాత గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఖాళీగా లేదయ్యా. అక్కడ పనిలో ఉంది అను" అంది.

మరిది నవ్వాడు. "పనేమిటి వదినా, వాళ్ళమ్మేగా."

లోపల పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు. అద్దాలక్క వేలికున్న గుడ్డపీలిక విప్పి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది.