పట్టీలైపోయిన రూపాయలు

యూట్యూబు వచ్చాక నా పనికి మనశ్శాంతి పోయింది. పాత నాణెం చేతిలో ఉన్న ప్రతివాడూ లక్షాధికారినని నమ్మి, వన్ టౌన్‌లో ఉన్న నా కొట్టు మెట్లెక్కుతాడు. సేకరించేవాళ్ళు ఏ బిళ్ళకు ఎంత పెడతారో అంచనా చెప్పడం నా పని. వాళ్ళకు అరుగుదల లేనిది, తోమనిది కావాలి. మనవాళ్ళేమో విభూది పెట్టి తళతళా తోముతారు, లేకపోతే మెళ్ళో వేసుకోవడానికి కొక్కెం అతికిస్తారు. వెండి ధరే వస్తుంది బాబూ అంటే నన్ను దొంగను చూసినట్టు చూస్తారు.

మొన్న ఎండాకాలం ఉయ్యూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మగ్గం మీద బతికే కుటుంబం. కూర్చోగానే చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరిపి కొత్త పట్టీలు చూపించింది.

"చిన్నప్పటి నుంచీ కోరికండి బాబాయిగారూ. ఎప్పుడూ ఏదో ఒక ఖర్చు. ఇన్నాళ్ళకి మా అమ్మ ఇచ్చిన రాజు బొమ్మ రూపాయలు కరిగించి చేయించుకున్నా. ఈ వయసులో గజ్జెలేంటని మా ఆయన ఒకటే నవ్వు."

నేనూ నవ్వాను. కరిగించగా మిగిలిన ఒక్క రూపాయిని కొంగు ముడి విప్పి నా ముందు పెట్టింది. వాళ్ళాయన ఏదో వీడియో చూసి, విలువ కనుక్కోమన్నాడట.

భూతద్దం పెట్టి చూశాను. రాజు చెంప మీద అరుగుదల లేదు. సంవత్సరం రెండుసార్లు చదివాను. ఆ ఏడాది రూపాయలు చాలా తక్కువ బయటికొచ్చాయి. దాని కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నవాళ్ళు నాకు తెలుసు.

"మిగతావాటి మీద ఏ సంవత్సరం ఉండేదో గుర్తుందా అమ్మా?"

"అన్నిటి మీదా ఇదేనండి. మా తాత చీరలు అమ్మితే షావుకారు కొత్త రూపాయలు ఇచ్చాడంట. బాగున్నాయని వాడకుండా దాచాడు. నేను ఇంగ్లీషు అంకెలు నేర్చుకుందే వాటి మీద. ఏం, మంచివా?"

అయిపోయినదానికి ఆవిడ ముచ్చట పాడుచేయడం ఎందుకు? "మామూలివేనమ్మా" అన్నాను.

"అయితే దీన్నీ కరిగించేస్తా. ఎడమకాలి పట్టీకి మువ్వలు పల్చగా పడ్డాయి" అంటూ చెయ్యి చాచింది.

ఇవ్వలేదు. గుప్పిట బిగించాను. ఉన్నదంతా చెప్పేశాను: ఇది ఎంత పలుకుతుందో, మిగతావి ఉంటే ఎంత పలికేవో. ఆవిడ మేలు కోసమే చెప్పాననుకున్నాను. కాదు. ఆ బిళ్ళ మూసలో పడుతుందంటే నేను తట్టుకోలేకపోయాను, అంతే. అమ్మ గుర్తుగా ఒకటి ఉంచుకోమ్మా అంటే సరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడాను.

ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. వంగి, ఒక్కో పట్టీ మర తిప్పి తీసి బల్ల మీద పెట్టింది.

"వీటిని మళ్ళీ రూపాయలు చెయ్యడం కుదరదు కదండీ?"

వేళాకోళానికి అడగలేదు. కుదరదమ్మా అన్నాను.

రూపాయిని చిన్న కవర్లో పెట్టి, అంచులు మాత్రమే పట్టుకోమని మరీ మరీ చెప్పి ఇచ్చాను. పట్టీలను ఆవిడ చేతిసంచిలో పడేసుకుంది. తొడుక్కోమ్మా అన్నాను.

"ఇంకేం తొడుక్కుంటానండీ" అంది.