ఫినాయిల్ పోసిన తొట్టి

అల్ హైల్ లేబర్ క్యాంపులో మా మెస్సు చెత్త పదమూడేళ్లు పెంచలయ్య నడుం మీదే నడిచింది. రాజంపేట మనిషి, యాభై ఆరేళ్లు. మిగిలిన అన్నం, కుళ్లిన కూరగాయలు నింపిన డ్రమ్ములు రోజుకు పద్నాలుగు, ఎండలో మోసి లారీకెక్కించేవాడు. పొద్దున మంచం కమ్మీ పట్టుకుంటే గానీ లేవలేడు. నేనక్కడ వంటవాణ్ణి. మిగిల్చేది మేము, మోసేది ఆయన.

పోయినేడు కంపెనీ మెస్సు వెనక గ్యాస్ తొట్టి పెట్టించింది. పెంచలయ్యకు లారీ డ్యూటీ తప్పింది. చెత్తను నలగ్గొట్టి, నీళ్లు కలిపి తొట్టిలో పోస్తే చాలు. లోపల కుళ్లి, గ్యాసయి, పైపులో నా పొయ్యికొచ్చేది. నెలకు ఇరవై సిలిండర్లు అయ్యేవి, పన్నెండుకు దిగాయి. ఈగలు పోయాయి. తొట్టిలోంచి వచ్చే నీళ్లకు గోడవార గోంగూర ఏపుగా పెరిగింది.

"మనం పారేసిందే మనకు అన్నం వండి పెడతాంది బ్రహ్మం" అని మురిసిపోయేవాడు.

ఫిబ్రవరిలో, ఆదివారం పెద్దసార్లు చూడ్డానికొస్తున్నారని తెలిసింది. పొయ్యి మండితే తొట్టి ఉంటుంది. లేకపోతే తీసేస్తారు, పెంచలయ్య మళ్లీ లారీకి. మా వైపు పెద్దవాళ్లొస్తున్నారంటే ఏం చేస్తాం? సున్నం కొడతాం, ఫినాయిల్ చల్లుతాం. గురువారం ఆయన తొట్టి నోరంతా కడిగి రెండు డబ్బాలు కుమ్మరించాడు. స్టోర్లోంచి తీసిచ్చింది నేనే. శనివారానికి గ్యాస్ చచ్చింది.

ఆదివారం సార్ల ముందు అగ్గిపెట్టె అయిపోయింది గానీ పొయ్యి అంటుకోలేదు. సూపర్‌వైజర్ ఎహసాన్, హైదరాబాదు మనిషి, తల కొట్టుకున్నాడు.

"ఫినాయిల్ ఎవడు పోసిండు? గ్యాస్ చేసే పురుగులు మొత్తం సచ్చినయ్ కదా!"

"నేనే సార్. పెద్దోళ్లొచ్చాండారు గదా, వాసనొస్తాదని పోసినా" అన్నాడు పెంచలయ్య.

డబ్బా ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. నేను ఇంకో అగ్గిపెట్టె తెస్తానని స్టోర్లోకి వెళ్లిపోయాను.

మళ్లీ లారీ. అయినా డ్యూటీ దిగాక ఆ మనిషి, చచ్చిన పురుగులు మళ్లీ పుడతాయని పక్క తోటలో ఆవుపేడ అడిగి తెచ్చి రోజూ తొట్టిలో పోశాడు. "ఎట్లా తీసేసేదే గదా, చాలించు పెంచలన్నా" అన్నాను. వినలేదు.

ఇరవయ్యో రోజు పొద్దున పొయ్యి అంటుకుంది. ఆ రోజే తొట్టిని ఎత్తుకుపోవడానికి క్రేన్ వచ్చింది. పెంచలయ్య ఎహసాన్‌ను పిలిచి నీలం మంట చూపించాడు.

"కాగితం పైకి పోయింది కాకా. నా చేతిల లేదు" అని ఎహసాన్ తల దించుకున్నాడు.

పెంచలయ్య ఆ మంట మీదే టీ కాచి, క్రేన్ అతనికీ ఒక గ్లాసిచ్చి, వాల్వ్ తనే కట్టేశాడు.

"డబ్బా ఇచ్చింది నేనని నువ్వు సార్లకు చెప్పుంటే లారీ పని సగమన్నా నా మీద పడేది గదన్నా" అన్నాను.

"ఇద్దరం మోస్తే వంటెవురు చేస్తారు నాయనా" అని, నడుం పట్టుకుని డ్రమ్ము దగ్గర వంగాడు.