మా ఇంట్లో పులిసిన పిండి

మా చర్చిలో పిల్లలకు క్లాసులు చెప్పేది నేనే. బొమ్మకు రంగులేయించి పంపేయడం నా వల్ల కాదు. ఏ పని పట్టినా దాని అంతు చూడాల్సిందే. అందుకే ఈసారి పులియని రొట్టెల పండుగ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు, ఇశ్రాయేలీయులు చేసినట్టే చేసి చూపిద్దామని పట్టుబట్టాను. ఐగుప్తులో బానిసలుగా బతికినవాళ్ళు, విడుదల దొరికిన రాత్రి పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక అలాగే మూటగట్టుకుని బయలుదేరారు. ఆ రాత్రిని మరిచిపోకూడదని ఏటా ఏడు రోజులు ఇంట్లో పులిసినదేదీ ఉంచకుండా, పొంగని రొట్టెలే తినేవారు. అమెరికాలో, ఈ మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళింట పులిసినదంటే ఇంకేముంటుంది? బ్రెడ్డుతో పాటు ఇడ్లీపిండినీ పారబోశాను. పెరుగు జోలికి మాత్రం పోలేదు. పెరుగు లేకపోతే నాకు ముద్ద దిగదు.

మామయ్య పోయాక అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. తనకంటూ ఏదీ అడగరు. ఎవరైనా ఇంటికొస్తే నేను వాళ్ళ ముందు "ఇది మీ ఇల్లే కదా అత్తయ్యా" అంటూ ఉంటాను. ఈ వారమంతా చపాతీలేనంటే సరేనన్నారు.

పండుగకు ముందు ఇల్లంతా గాలించి పులిసినదాన్ని తీసేయడం యూదుల ఇళ్ళలో ఆచారం. మాకు మాత్రం పండుగ మధ్యలో ఆదివారం సాయంత్రం కుదిరింది. పిల్లలు, వాళ్ళ తల్లులు వచ్చారు. ఈ ఆటకోసమే విడిగా ఉంచిన బ్రెడ్డు ముక్కలు కాగితాల్లో చుట్టి అక్కడక్కడా దాచి, వెతకమన్నాను. మా అమ్మాయి సోఫా వెనకా బల్ల కిందా చూడలేదు. నేరుగా నానమ్మ గదిలోకి పరుగెత్తి, ఒక స్టీలు గిన్నె పట్టుకొచ్చింది.

"మమ్మీ, ఐ ఫౌండ్ ఇట్! నానమ్మ క్లోజెట్‌లో ఉంది!"

మూత తీస్తే ఇడ్లీపిండి, అంచుల దాకా పొంగి ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తల్లులు నవ్వారు. నేనూ నవ్వాను. అంతటితో ఊరుకోక, "అత్తయ్యా, దొరికిపోయారు!" అన్నాను.

అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"పళ్ళ సెట్టు గుచ్చుకుంటోందమ్మా, రొట్టె నమలలేకపోతున్నా. నువ్వు ఆఫీస్‌కెళ్ళాక కొంచెం రుబ్బుకున్నా. పిల్లల ముందు నీ మాట పోకూడదని లోపల పెట్టా. తప్పయిపోయింది."

పదిమందిలో, నాకు, ఆవిడ చెప్పిన మాట అది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. మా అమ్మాయి గిన్నె కింద పెట్టకుండా, కనిపెట్టినవాళ్ళకు ఇస్తానన్న చాక్లెట్ కోసం నా వైపే చూస్తోంది. ఇచ్చాను. ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో అందరి ముందూ చెప్పాలి.

అందరూ వెళ్ళాక ఇడ్లీలు వేసి, పళ్ళెంలో పెట్టుకుని ఆవిడ గదికి తీసుకెళ్ళాను.

"పండగ కానీయమ్మా, తర్వాత తింటాలే" అన్నారు.

చపాతీ తుంచి పాలలో నానబెట్టుకున్నారు. అన్ని రోజులూ నా కళ్ళ ముందే అలా నానబెట్టుకుని తింటున్నారు. అలా తినడం ఇష్టమేమో అనుకున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

తర్వాత ఆఫీసులో ఒక యూదు స్నేహితురాలిని అడిగాను. పులిసినదంటే గోధుమ, బార్లీ లాంటి వాటితో చేసిందేనట. బియ్యం, మినప్పప్పు ఎంత పులిసినా ఆ లెక్కలోకి రావట. అది విన్నాక సిగ్గు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. బానిసలు విడుదలైన పండుగను పిల్లలకు నేర్పుతానని కూర్చుని, ఒక పెద్దావిడ కొడుకింట్లో దొంగచాటుగా పిండి రుబ్బుకునేలా చేశాను.

పండుగ వెళ్ళిపోయింది. పళ్ళ సెట్టు బాగు చేయించాం. ఇడ్లీపిండి ఎప్పటిలా ఫ్రిజ్‌లోకి వచ్చింది. అత్తయ్య మాత్రం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి, "తీసుకోవచ్చా అమ్మా?" అని అడుగుతున్నారు.